తీరిక లేని ఆదివారం

క్రైస్తవులకు ఆదివారం విశ్రాంతి దినం. నగరాల్లోని పెద్ద చర్చిల్ని చూస్తే మాత్రం వారంలో ఊపిరి సలపని రోజు అదే అనిపిస్తుంది. పొద్దున్నే ఇంగ్లిషు ఆరాధన, తర్వాత తెలుగు ఆరాధన, పిల్లలకు సండే స్కూలు, మధ్యాహ్నం యువజనుల కూడిక, సాయంత్రం గాయక బృందం సాధన. మధ్యలో కమిటీ సమావేశం. రాత్రయ్యేసరికి పాస్టరుకు గొంతు పోతుంది. వెనక బెంచీలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి బైబిలు సెల్‌ఫోన్‌లోనే ఉంటుంది కనుక వాక్యం చదువుతుండగానే ఆఫీసు మెసేజ్ కూడా తెరమీదికి వస్తుంది. దేవుడి కోసం పనిచేయడం వేరు, దేవుడి దగ్గర కూర్చోవడం వేరు. ఆ తేడా చెరిగిపోవడమే ఇప్పటి భక్తికి వచ్చిన చిక్కు.

చిక్కు కొత్తదేమీ కాదు. లూకా సువార్తలో మార్త ఇంటికి యేసు అతిథిగా వస్తాడు. ఆమె పనుల్లో సతమతమవుతుంటే చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంది. చెల్లెల్ని సాయానికి పంపమని అడిగిన మార్తకే మందలింపు దక్కుతుంది. మార్తల పక్షాన వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి వాదనా సబబే. మార్తలు లేకపోతే ఏ చర్చీ ఒక్క వారం కూడా నడవదు. అయితే యేసు తప్పుపట్టింది పనిని కాదు, కంగారును. అతిథిని పిలిచిన మనిషికి ఆ అతిథితో మాట్లాడే తీరికే లేకపోయింది.

పని పూర్తయ్యాక విశ్రాంతి అన్నది లోకం లెక్క. బైబిలు లెక్క వేరు. ఆదికాండం ప్రకారం దేవుడు మనిషిని ఆరో రోజున సృష్టించి, ఏడో రోజున విశ్రమించాడు. అంటే మనిషికి దక్కిన మొదటి పూర్తి రోజు సెలవు రోజే. సంపాదించుకోకముందే చేతికందిన సెలవు అది. ద్వితీయోపదేశకాండం మరో కారణం చెబుతుంది. ఐగుప్తులో బానిసలుగా ఉన్న సంగతి మరవొద్దనీ, దాసదాసీలకూ పరదేశులకూ చివరికి ఎద్దుకూ గాడిదకూ కూడా ఆ రోజు విశ్రాంతి ఇవ్వాలనీ అంటుంది. ఆగడం తెలియనివాడు బానిస కిందే లెక్క అన్నది దీని సారాంశం.

ఇదంతా తీరిక ఉన్నవారి వేదాంతమని కొట్టిపారేయడానికి లేదు. కలకత్తాలో మదర్ థెరిసాకు ఉన్నంత పని ఎంతమందికి ఉంటుంది? పేదల మధ్యకు వెళ్లాలన్న పిలుపు ఆమెకు 1946 సెప్టెంబరు 10న రైల్లో వినిపించింది. అప్పుడామె వెళ్తున్నది వార్షిక ధ్యానం కోసం డార్జిలింగుకు. 1950లో మిషనరీస్ ఆఫ్ చారిటీ మొదలైంది. వాకిట్లో రోగుల వరుస ఏనాడూ తరగలేదు. అయినా 1973 నుంచి సిస్టర్లు రోజూ ఒక గంట మౌన ఆరాధనకు కేటాయించడం మొదలుపెట్టారు. ఆ గంటలో ఎన్ని పుండ్లు కడగొచ్చో, ఎంతమందికి అన్నం పెట్టొచ్చో ఆమెకు తెలియక కాదు. లోకంలోని పుండ్లన్నీ కడగడం తన ఒక్కరి వల్ల కాదని ఒప్పుకోవడానికే రోజుకో గంట కావాలి.

ఆ గంటలో ఆమెకు దొరికింది ప్రశాంతతేనా? 1997లో ఆమె మరణించాక, 2007లో వెలువడిన లేఖలు చాలామందిని నివ్వెరపరిచాయి. దాదాపు 50 ఏళ్లపాటు దేవుడి సన్నిధి తన అనుభవంలోకి రాలేదని వాటిలో ఆమె వాపోయారు. అయినా మోకరించడం మానలేదు. ధ్యానాన్ని ఒత్తిడికి మందుగా అమ్ముతున్న ఈ రోజుల్లో ఇది మింగుడుపడని సంగతే. దేవుడిలో విశ్రాంతి అంటే హాయిగా అనిపించడం కాదు. ఏమీ అనిపించకపోయినా బరువు దించి ఆయన ముందు పెట్టడం.

దీనికి కొండల మీద ఆశ్రమాలు అక్కర్లేదు. ఆరాధన సాగే గంటన్నర ఫోను ఇంట్లో వదిలేస్తే ఉద్యోగానికి ముప్పేమీ రాదు. సంఘం తన కార్యక్రమాల పట్టికలో ఒక కూడికను కొట్టేసి, పాస్టరుకు వారంలో ఒక రోజు నిజమైన సెలవు ఇవ్వొచ్చు. ఆరాధన నుంచి ఆకలితో వచ్చే కుటుంబం, ఆదివారం కూడా అంట్లు తోమడానికి వచ్చే పనిమనిషికి ఆ పూట జీతం కోయకుండా సెలవివ్వొచ్చు. అంట్లు సోమవారం దాకా ఆగుతాయి. ఎవరో ఒకరి చాకిరీ మీద నిలిచిన విశ్రాంతిని మాత్రం బైబిలు విశ్రాంతిగా ఒప్పుకోదు.