పేరు ఎవరిది?

నామకరణమునాడు శిశువు సమ్మతి నెవ్వరు నడుగరు. పళ్లెములోని బియ్యముపై తండ్రి యుంగరముతో పేరు వ్రాయును; చెవిలో మూడుమారులు పలుకును; బంధువులు అక్షతలు చల్లుదురు. అంతటితో ఆ పేరు ఆ బిడ్డదగును. ఇది ప్రేమతో జేయు కార్యము. దీనిని మే మాక్షేపింపము. కాని పదునెనిమిదేండ్లు నిండి, దేశము నేలువారి నెన్నుకొనుటకు అర్హత గాంచిన మనుష్యుడు తన పేరును మార్చుకొనదలచినచో, అందులకు అనుమతి నీయవలసిన వా రెవ్వరు? ప్రశ్న చిన్నదిగా దోచును. విచారించినకొలదియు, ప్రభుత్వమునకును పౌరునకును గల సంబంధమంతయు నిందు గర్భితమై యున్నదని తేటపడును.

పేరు మార్చుకొనుట విలాసమని తలచువారు కొంద రున్నారు. వారు మన పల్లెలలోని పేర్లను ఒక్కమారు స్మరింతురుగాక. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, మృత్యువు కన్ను గప్పవలెనని పెంటమీద పరుండబెట్టి తీసి, పెంటయ్య యనియు పెంటమ్మ యనియు తల్లులు పేర్లు పెట్టిరి. ఆ తల్లుల యాతన పూజ్యమే. కాని బడిలో తోడివారి నవ్వులను భరించినది ఆ బిడ్డలే. శూద్రుని పేరు జుగుప్స గొల్పునదిగా నుండవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయము విధించెను. అవమానమును పేరులోనే కుట్టిపెట్టుట యన నిదియే. ఇక భర్తతో తెగదెంపులై పుట్టింటిపేరు తిరిగి ధరింపగోరు స్త్రీలు కలరు; పుట్టుకనాడు లోకము నిర్ణయించిన లింగము తమది కాదని యెరిగి తమకు దగిన పేరుతో బ్రతుకగోరువారు కలరు; మతము మార్చుకొన్నవారును, కులమును చాటు తోకను వదలగోరువారును కలరు. వీరిలో నెవ్వరి కోరికయు విలాసము గాదు.

మన చరిత్రమే యిందులకు సాక్షి. 1917వ సంవత్సరమున బెజవాడలో పంచముల మహాసభ జరిగెను. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మగారు 1888లో హైదరాబాదునందు మాదరి భాగయ్యగా జన్మించినవారు. ఇతరులు తమ కంటగట్టిన పంచమ శబ్దమును ఆ సభవారు త్రోసిపుచ్చి, తాము ఆది ఆంధ్రులమని ప్రకటించుకొనిరి. ఏ న్యాయాధిపతియు వారి కా పేరు ప్రసాదింపలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వము దానిని తన కాగితముల కెక్కించుకొనెను. ముందు ప్రజలు పలికిరి. పిదప ప్రభుత్వము వ్రాసికొనెను. ఇదియే ధర్మమైన క్రమము.

నేటి క్రమము తలక్రిందులుగా నున్నది. పేరు మార్పునకు మన దేశమున ప్రత్యేక శాసనము లేదు. నోటరీ యెదుట ప్రమాణపత్రము వ్రాయుట, రెండు వార్తాపత్రికలలో ప్రకటించుట, రుసుము చెల్లించి గెజిట్‌లో అచ్చువేయించుట వాడుకలోనున్న పద్ధతి. ఇంతవరకు సహింపదగినదే. కాని ఆ గెజిట్ చేతబట్టుకొని ఆధార్‌కు, పాన్‌కు, పాస్‌పోర్టునకు, బ్యాంకునకు, భూమిపట్టాకు వేరువేరుగా తిరుగవలెను. ఎక్కడికేగినను పదవ తరగతి ధ్రువపత్రము నడుగుదురు. అందు పాత పేరే యుండును. దానిని మార్చుమన్నచో తమకు నిబంధన లంగీకరింపవని చెప్పువారే పెక్కురు. అప్పుడు 1963నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 34వ సెక్షను క్రింద సివిలు కోర్టున దావా వేయుటయో, హైకోర్టున రిట్ వేయుటయో తప్ప గత్యంతరము లేదు. ధనవంతుడు వకీలును నియమించుకొనును. కూలివాడు వాయిదా కొక దినపు కూలి పోగొట్టుకొని, తుదకు విసిగి, నవ్వులపాలైన ఆ పాత పేరుతోనే కాటికి బోవును.

2021 జూన్ 3వ తేదీన సుప్రీంకోర్టు జిగ్యాయాదవ్ వ్యాజ్యెమున గొప్ప తీర్పు చెప్పెను. పేరు వ్యక్తిత్వమున కంగమనియు, దానిపై అధికారము రాజ్యాంగము ప్రసాదించిన స్వేచ్ఛలలోనిదనియు స్పష్టపరచెను. పరీక్షా ఫలితములకు పూర్వమే కోర్టు అనుమతియు గెజిట్ ప్రకటనయు జరిగియుండవలెనన్న కేంద్ర మాధ్యమిక విద్యామండలి నిబంధన మితిమీరినదని త్రోసివైచెను. ఈ తీర్పును మేము హర్షించుచున్నాము. అయినను క్రొత్తగా ఎంచుకొన్న పేరు విషయమున కోర్టు ఉత్తర్వును, గెజిట్‌ను అడుగుటకు మండలికి స్వాతంత్ర్యము మిగిలియే యున్నది. హక్కు మనదని చెప్పి, తాళపుచెవి కొరకు మరల కోర్టు గడప ద్రొక్కుమనుట న్యాయమా? మనకు కోర్టులను, స్టాంపు కాగితములను నేర్పిన ఇంగ్లండులో పెద్దవాడైన మనుష్యుడు సాక్షి యెదుట డీడ్ పోల్ అను పత్రముపై సంతకము చేసి పేరు మార్చుకొనుచున్నాడు. ఏ న్యాయాధిపతి యనుజ్ఞయు వాని కక్కరలేదు. దొరల స్వేచ్ఛ నచటనే వదలి, వారి దస్త్రములను మాత్రము మనము దాచుకొంటిమి.

మోసగాండ్రు అప్పులెగవేయుటకు పేరు మార్చుకొందురని కొందరు భయపడుదురు. భయము నిరాధారము గాదు. కాని పేరు మారినను ఆధార్ సంఖ్య మారదు, పాన్ సంఖ్య మారదు, వ్రేలిముద్ర మారదు. పాత పేరును క్రొత్త పేరును ప్రక్కప్రక్కన వ్రాసియుంచిన చాలును. ఒక దొంగను బట్టుటకై నూర్గురు నిరపరాధులను బోనునందు నిలుపవలెనా?

స్త్రీల విషయము మరింత శోచనీయము. వివాహమైనంతనే భర్త యింటిపేరు ధరింపవలెనని ఏ శాసనమును జెప్పలేదు. అయినను, పుట్టింటిపేరునకు మరలుటకు భర్త సమ్మతిపత్రమో విడాకుల ఉత్తర్వో కావలెనన్న కేంద్రప్రభుత్వపు నియమమును సవాలుచేయుచు ఒక సోదరి 2024లో ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపవలసి వచ్చెను. తండ్రి యింటి పేరును తిరిగి తెచ్చుకొనుటకు మగని సెలవు గావలెననుట స్వతంత్రదేశమున చెవినిడదగిన మాటయేనా?

మా కోరికలు స్వల్పములు. శాసనసభలును పార్లమెంటును పేరు మార్పునకు ఒక సులభమైన చట్టము చేయవలెను. ఒక్క ప్రమాణపత్రము, ఒక్క ప్రకటన, పేదవాడు భరింపగల రుసుము. పిమ్మట విద్యామండలులతో సహా సర్వ కార్యాలయములును దానికి బద్ధములై యుండవలెను. ఎవరైన న్యాయమైన అభ్యంతరము దెచ్చినప్పుడే కోర్టు విచారింపవలెను. స్త్రీని ఎవరి సమ్మతియు నడుగరాదు.

స్వరాజ్యమన్నది ఢిల్లీలో జెండా యెగురుటతో ముగిసినది గాదు. ఎవరైన నీ పేరేమని యడిగినప్పుడు, పౌరుడు తలయెత్తి తాను గోరిన పేరు చెప్పగలుగుటయు స్వరాజ్యమే. ఆ పేరు ప్రభుత్వము వ్రాసికొనుగాక, ప్రసాదింపనక్కరలేదు.