భర్మార్ బందూక్ షౌక్

షౌక్ బురా కాదు. చేతికి హునర్ నేర్పే షౌక్ అయితే అది నేమత్. కానీ ఏ జమీన్ మీద నిలబడి ఆ షౌక్ చేస్తున్నామో చూసుకోవాలె.

అమెరికాలో ఉంటున్న నా దోస్త్ ఒకాయన ఇంట్లోనే భర్మార్ బందూక్ తయారు చేసుకున్నడు. నళీ మూతి నుంచి బారూద్, సీసం గుండు వేసి, సలాకతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీ అది. నళీ, ఘోడా, కట్టె విడివిడిగా కిట్‌లో వచ్చినయట. ఇనుము ఇమిడేలా కట్టెను కొంచెం కొంచెం చెక్కడం, ఆకురాయి పట్టడం, నూనె రుద్దడం... సెలవు రోజులన్నీ దానికే పోయి నెలలు పట్టిందట. "బందూక్ కన్నా ముందు సబర్ తయారైంది భాయ్" అన్నడు.

ఆ ఫోటోలు సైదాబాద్‌లో ఉన్న ఆయన భతీజా చూసిండు. డిప్లొమా చదివే పిల్లగాడు. "చాచా చేసిండు గదా, నేను మా ఛత్ మీద చేసుకుంటే తప్పేంది?" అని నన్నడిగిండు. ఈ సవాల్ ఒక్క ఇంటిది కాదు. అందుకే జవాబ్ ఇక్కడ రాస్తున్న.

మొదటిది ఖానూన్. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం ఇట్లాంటి బందూక్‌ను పురాతన వస్తువుల లెక్కలో వేసింది. మన 1959 ఆయుధాల చట్టం అట్లా కాదు. గుండు ముందు నుంచి వేసినా, వెనుక నుంచి పెట్టినా బందూక్ బందూకే. దగ్గర పెట్టుకునే లైసెన్స్ వేరు, తయారీ లైసెన్స్ వేరు. అది లేకుండా తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏండ్ల ఖైద్, ఉమర్‌ఖైద్ దాకా పోవచ్చు. పైగా నళీ బలహీనంగా ఉంటే మొదటి దెబ్బకే పగిలి చేతులు, కండ్లు పోతయి.

"మన షహర్‌లో వెనుకట తయారు కాలేదా?" అంటరు. ఎందుకు కాలేదు! సైదాబాద్ పక్కనే మూసారాంబాగ్ ఉంది. నిజాం అలీ ఖాన్ ఫౌజ్‌లో పనిచేసిన ఫ్రెంచ్ సిపాహ్‌సాలార్ మొసియే రేమాన్ పేరే జనం నోట మూసారాం అయిందంటరు. బుజుర్గులు 'తోప్ కా సాంచా' అనే గన్‌ఫౌండ్రీ ఆయన పెట్టించిన తోపుల కార్ఖానా. 1798 మార్చిలో ఆయన ఇంతెఖాల్ అయిండు. మజార్ ఆస్మాన్‌గఢ్‌లో ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో అంగ్రేజులు ఆయన ఫౌజ్ చేతుల్లోంచి హథియార్లు తీయించిన్రు. అంటే అప్పుడు కూడా బందూక్ షౌక్ సంగతి కాదు, హుకూమత్ సంగతి. ఇప్పుడూ అంతే.

ఇంకో మాట మనం బయట అనం, ఇంట్లో అనుకుంటం. ఛత్ మీద ఒక నళీ, డబ్బాల బారూద్ దొరికి, పిల్లగాని పేరు మన పేరైతే, 'షౌక్' అనే మాట ఎవరి చెవికీ ఎక్కదు. పేషీలు, వకీల్ ఫీజులు, తమ్ముని నౌకరీ, చెల్లె రిష్తా, అన్నీ ఆ ఒక్క నళీకే ముడిపడతయి. ఇది నాఇన్సాఫీ అని నేనూ అంట, రాస్త. కానీ ఆ బహస్‌లో మన బేటాను సుబూత్‌గా నిలబెట్టలేం.

అందుకని అమ్మీ-అబ్బాలు పిల్లల చేతిలోంచి ఆకురాయి లాక్కోవద్దు. ఖరాద్ పని నేర్పించండి. పాత తాళాలు, గడియారాలు విప్పి బిగించనియ్యండి. తాళంలో కమాన్ ఎట్ల పనిచేస్తదో తెలిస్తే, బందూక్ ఘోడా ఎట్ల పడుతదో తెలుసుకోనీకె బందూక్ చేయాల్సిన పని లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో హథియార్ల గ్యాలరీ ఉంది. పాత ఉస్తాదుల చేతిపని అక్కడ దగ్గర నుంచి చూడనియ్యండి. జుమ్మా నాడు మ్యూజియానికి ఛుట్టీ. ఇత్వార్ తీస్కపోండి.