మూడడుగుల దూరం

పోయిన దసరా సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయి, పాత రీలు కెమెరా ఒకటి కొనుక్కుంటానని పట్టుబట్టింది. చేతిలో అంత మంచి ఫోను పెట్టుకుని రీలు కెమెరా ఏమిటని వాళ్ళ నాన్న అడిగాడు. నేనూ అడిగాను.

"ఫోన్ల ఐదు వేల ఫోటోలున్నయి. అండ్ల ఒక్కటన్న మళ్ళ తీసి చూసినమా అమ్మా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కాలేజీకి ఇచ్చిన డబ్బుల్లో మిగిల్చుకున్నది దాని దగ్గర కొంత ఉంది, నా చీటీ డబ్బులు కొంత కలిపాను. కెమెరా గొడవ అక్కడితో తీరిపోయింది. అసలు గొడవ లెన్సు దగ్గర మొదలైంది.

మేం చూసుకున్న కెమెరా పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైంది. ఫోటోగ్రఫీ నేర్చుకునే పిల్లలు దేశదేశాల్లో దీంతోనే మొదలుపెట్టేవారట. అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే. బ్యాటరీ అయిపోయినా వెలుగు చూపించే ముల్లు ఆగిపోతుందేగానీ, ఫోటో తీయడం ఆగదు. అయితే ఇలాంటి కెమెరాలకు లెన్సు వేరు, ఒళ్ళు వేరు. ఏ లెన్సు తీసుకోవాలన్నదాని మీద మా ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని సలహాలు వచ్చాయి.

మా ఆయన జూమ్ తీసుకొమ్మన్నాడు. "దూరంవన్నీ దగ్గరికొస్తయి, ఒక్కటి కొంటే అన్నీ కొన్నట్టే." పెళ్ళిళ్ళకు వీడియోలు తీసిన అనుభవం ఉన్న మా మరిది, "వైడ్ లేకుంటే గ్రూప్ ఫోటోలు ఎట్ల తీస్తరు వదినా?" అన్నాడు. మా అమ్మాయి మనసు 135 ఎంఎం మీద ఉంది. దాంతో తీస్తే వెనకాలదంతా మసకబారి మొహం ఒక్కటే తేలుతుందని ఎక్కడో చూసింది. హైదరాబాద్‌లో దుకాణం ఆయన ఫోన్లోనే మూడూ కలిపి ఒక ధర చెప్పాడు.

నేను మాత్రం, మొదటిసారి రీలు కెమెరా పట్టుకునేవాళ్ళకు 50 ఎంఎం లెన్సు ఒక్కటి చాలన్నాను. ఎఫ్2 అని రాసి ఉండే మామూలుది. మిగిలిన డబ్బు రీళ్ళకు పెట్టుకోవాలి. ఇప్పటికీ అదే అంటాను. ఎందుకో చెప్తాను.

నేను చదివింది బి.ఏ. తెలుగు. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయమే. కానీ మా అమ్మాయి వారం రోజులు కూర్చోబెట్టి చెప్పాక, ఇది వంటింటి లెక్కంత తేలికని తెలిసింది. లెన్సు మీద ఎఫ్ పక్కన ఉండే అంకె, కిటికీ ఎంత తెరుచుకుంటుందో చెప్తుంది. అంకె చిన్నదైతే కిటికీ పెద్దది. ఎఫ్2లో వచ్చే వెలుగులో నాలుగో వంతే ఎఫ్4లో వస్తుంది. పాత జూమ్ లెన్సులు చాలా వరకు ఎఫ్4 దగ్గరో, అంతకన్నా చిన్న కిటికీతోనో మొదలవుతాయి. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద, 400 రీలు వేసుకుని, ఎఫ్2లో సెకనులో 60వ వంతుకు ఫోటో వస్తుందనుకోండి. అదే చోట ఎఫ్4 జూమ్‌తో తీస్తే 15వ వంతు కావాలి. అంతసేపు చెయ్యి కదలకుండా నిలవదు. ఎదుటి మనిషీ నిలవదు.

పైగా లెన్సు ఎంత పొడుగు చూపుదైతే చెయ్యి వణుకు అంత పెద్దగా కనబడుతుంది. 50 ఎంఎంకు 60వ వంతు సరిపోతే, 210 దాకా సాగే జూమ్‌కు 250వ వంతు కావాలి. ఒకపక్క వెలుగు తక్కువ, ఇంకోపక్క వేగం ఎక్కువ కావాలి. మన ఇళ్ళలో ఆ రెండూ కుదరవు. నలభై దాటి కళ్ళద్దాలు పెట్టుకున్న నాలాంటివాళ్ళకు మరో ఇబ్బంది. కెమెరాలో కన్ను పెట్టి చూసేది లెన్సులోంచే కాబట్టి, చిన్న కిటికీ లెన్సు పెడితే లోపలంతా చీకటిగా కనిపిస్తుంది. ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు.

ఇక దూరం సంగతి. 50 ఎంఎంతో మూడడుగుల దూరంలో నిలబడి, కెమెరాను నిలువుగా పట్టుకుంటే మనిషి తల నుంచి ఛాతీ దాకా నిండుగా వస్తుంది. అదే బొమ్మ 135తో కావాలంటే ఎనిమిదడుగులు వెనక్కి పోవాలి. మా క్వార్టర్లో వంటిల్లు ఆ చివర నుంచి ఈ చివరకు ఎనిమిదడుగులు. గోడకు వీపు ఆనించి నిలబడాల్సిందే. 28 ఎంఎం వైడ్‌తో తీయాలంటే అడుగున్నర దూరానికి వెళ్ళాలి. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, మనిషి మనిషిలా ఉండదు. మూడడుగులంటే మనం ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ మాట్లాడుకునే దూరం. మన ఇంటి మనుషులను మనం రోజూ చూసేది అక్కడి నుంచే.

ఈ దూరం గురించి నాకింత పట్టుదల ఎందుకంటే, మా అమ్మ ఫోటో వల్ల.

అమ్మ 1991లో పోయింది. నాకప్పుడు పదకొండేళ్ళు. గోడకు పెట్టడానికి ఫోటో వెతికితే, అమ్మ ఒక్కతే ఉన్నది ఒక్కటీ దొరకలేదు. మా మేనమామ పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలో వెనక వరసలో ఉంది. స్టూడియో ఆయన అందులోంచి తల వరకు తీసి పెద్దది చేశాడు. చెవి పక్కన ఎవరిదో భుజం ఉంటే నీలిరంగు పూసి కప్పేశాడు. అతని తప్పేం లేదు. ముప్పై అడుగుల దూరం నుంచి నలభై మందిని తీసిన బొమ్మలో ఒక మొహానికి దక్కేది కందిగింజంత చోటు. దాన్ని పెద్దది చేస్తే వచ్చేది మసకే. అమ్మ బుగ్గ మీద చిన్న పులిపిరి ఉండేది. కుడి బుగ్గ అని నేనంటాను, ఎడమ బుగ్గ అని అక్క అంటుంది. ముప్పై ఏళ్ళు దాటింది, తేలలేదు. ఆ ఫోటోలో అది లేనే లేదు.

బాపు మొహం మాత్రం మా ఇంట్లో స్పష్టంగా ఉంది. గని గుర్తింపు కార్డు మీద ఉంది. రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి తీసిన ఫోటోలో నిండుగా ఉంది. గనిలోకి దిగే మనిషిని గుర్తుపట్టాలి కాబట్టి బాపు మొహం ఒకరికి అవసరమైంది. మూడు షిఫ్టులకూ లేచి సద్ది కట్టిన అమ్మ మొహం ఏ కాగితానికీ అవసరం పడలేదు. అవసరం లేని మొహాన్ని దగ్గరికి పోయి ఎవరు తీస్తారు? మన కోల్‌బెల్టు ఇళ్ళలో గోడల మీది ఫోటోలు ఒకసారి చూడండి. మీ ఇంట్లోనూ ఇదే కథ ఉంటే ఆశ్చర్యపోను.

అంతకుముందు రోజుల్లో ఆడవాళ్ళను దగ్గర నుంచి ఫోటో తీయడానికి ఏకంగా వేరే స్టూడియోనే పెట్టాల్సి వచ్చింది. నిజాం కొలువులో పేరుపొందిన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పరదాలో ఉండే స్త్రీల కోసం. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. కెమెరా వెనక ఆడమనిషి ఉంటేనే ఆ తలుపులు తెరుచుకున్నాయి. పరదాలు పోయినా ఆ మాటలో నిజం పోలేదు. మా అత్తమ్మ, మా ఆయన ఫోటో తీస్తానంటే నిటారుగా బిగుసుకుని నిలబడుతుంది. నేను తీస్తే చేతిలో పని ఆపదు.

ఒక్క లెన్సుతో ఏం తీస్తారని మా మరిది అడిగాడు. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా పేరుపొందిన హోమై వ్యారావాలా చీర కట్టుకుని, ఢిల్లీలో మగవాళ్ళ గుంపుల మధ్య పనిచేసింది. ఆమె ఎక్కువగా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. దానికి లెన్సు మార్చే వీలే లేదు. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఫ్రాన్స్‌కు చెందిన కార్టియే బ్రెసాఁ జీవితంలో ఎక్కువ భాగం 50 ఎంఎం లెన్సుతోనే తీశాడు. వాళ్ళకు సరిపోయింది మనకు సరిపోదా?

మన రామగుండం, గోదావరిఖని వాళ్ళకు ఇంకో కారణం కూడా ఉంది. బొగ్గు దుమ్ము. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రం వేలితో పేరు రాయొచ్చు. లెన్సు మార్చిన ప్రతిసారీ కెమెరా నోరు తెరిచి ఆ దుమ్మును లోపలికి పిలిచినట్టే. రీలు నడిచే దారిలో ఒక్క నలుసు ఇరుక్కుంటే ఫోటోల మీద పొడుగునా గీత పడుతుంది. ఒకే లెన్సయితే విప్పే పనే ఉండదు.

కొనడానికి నేనూ మా అమ్మాయీ భాగ్యనగర్ ఎక్కి పోయాం. మీలో ఎవరైనా పోతే పనికొస్తుందని, మేం చూసుకున్నవి చెప్తాను. లెన్సును ఒక వైపు నుంచి ఫోను టార్చితో వెలిగించి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. వద్దనండి. కాస్త దుమ్ము ఉంటే ఫరవాలేదు. అంకెల రింగు తిప్పితే లోపలి రేకులు చురుగ్గా మూసుకుని తెరుచుకోవాలి. వాటి మీద నూనె మెరుపు ఉండకూడదు. ఫోకస్ రింగు నెయ్యిలో గరిటె తిప్పినట్టు తిరగాలి, ఎక్కడా పట్టేయకూడదు. లెన్సు మౌంట్ మీ కెమెరాదేనా అని అక్కడే పెట్టి చూడండి. కె1000కి కె మౌంట్ కావాలి. అదే మౌంట్‌లో తర్వాతి కాలంలో వచ్చిన కొన్ని లెన్సులకు అంకెల రింగు ఉండదు. అవి ఈ కెమెరాకు పనికిరావు. మాకు చూపించినవాటిలో ఒకదానికి రింగే లేదు. నేనడిగేదాకా దుకాణం ఆయన ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి తెచ్చాక రెండు జాగ్రత్తలు. ఈ కెమెరాలో వెలుగు చూపించే ముల్లుకు ఆపే మీట లేదు. వాడనప్పుడు లెన్సుకు మూత పెట్టకపోతే బ్యాటరీ అయిపోతుంది. వానాకాలంలో తోలు సంచిలో దాచొద్దు, ఫంగస్ పడుతుంది. నేను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పులు, బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాను.

జూమ్ పనికిరాదని నేను అనడం లేదు. వేదిక మీద నాట్యం చేసే బిడ్డను తీయాలన్నా, గోదావరి మీద వాలిన కొంగలను తీయాలన్నా అదే కావాలి. ఇరుకు గదిలో పదిమందిని తీయాలంటే వైడ్ కావాలి. ఏడాది పోయాక, నేర్చుకున్నాక కొనుక్కోవచ్చు. కానీ రీలు, కడిగింపు, స్కాను కలిపితే వెయ్యి దాటుతోంది. రీలుకు 36 ఫోటోలు. మొదట్లో ఎన్ని రీళ్ళు తీస్తే అంత చెయ్యి తిరుగుతుంది. జూమ్ డబ్బులతో మాకు నాలుగు రీళ్ళొచ్చాయి. దూరపు కొండలు నునుపంటారు. వాటిని దగ్గరికి లాక్కోవడానికి డబ్బు పోసేముందు, దగ్గరున్నవాళ్ళ మొహాల మీది ముడతలు చూద్దామంటాను.

మొదటి రీలు హైదరాబాద్‌కు కొరియర్ చేసి కడిగించాం. పద్నాలుగు పాడయ్యాయి. ఐదింట్లో ఫోకస్ కుదరలేదు. మా ఆయన కళ్ళు మూసుకున్నవి మూడు. మిగిలినవాటిలో అత్తమ్మ ఫోటో ఒకటి ఉంది. కిటికీ పక్కన పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఎదురుగా, మూడడుగుల దూరంలో ఉన్నాను. నుదుటి మీద పచ్చబొట్టు, గడ్డం కింద చిన్న మచ్చ, చెవి కమ్మకు వేలాడే సాగిన తమ్మె, అన్నీ ఉన్నాయి. ఆ మచ్చ కుడివైపుందా ఎడమవైపుందా అని రేపు నా బిడ్డ ఎవరితోనూ వాదించనక్కర్లేదు.

ప్రింటు చేతికిస్తే అత్తమ్మ దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగచ్చింది. దాసిపెట్టు బిడ్డా, నేను పోయినంక దండేస్తందుకు అక్కెరకస్తది" అంది.

"గంత తొందరేంది అత్తమ్మా? రెండో రీలు ఇంక సగమన్న కాలే. జర ఇటు తిరుగు" అన్నాను.