తాళంచెవి ఎవరి మొలకుంది?

'సర్వర్ డౌన్.' ఈ రెండు మాటలు విననోళ్లు కర్నూలు, కడప పల్లెల్లో ఇప్పుడెవరైనా ఉన్నారా? సచివాలయం మెట్లెక్కితే సర్వర్ డౌన్. మీసేవలో ఒన్‌-బి అడిగితే సర్వర్ డౌన్. రేషన్ షాపులో వేలు పెడితే సర్వర్ డౌన్. ఒకప్పుడు 'అయ్య లేడు, రేపు రాపో' అనేవాళ్లు. ఇప్పుడు అయ్య కుర్చీలోనే ఉన్నాడు, సర్వర్ లేదు. ఎదురుగా ఉన్న మనిషినైతే నిలదీయొచ్చు. కనపడని సర్వర్‌ను ఎవరు నిలదీస్తారు? దినం కూలి పోగొట్టుకుని వచ్చినోళ్లు తల వంచుకుని ఎనక్కి పోతాండారు.

మిత్రులారా, సర్వర్ దేవుడు కాదు. అది ఇనప పెట్టె. మేము దాన్ని చేతులతో ఎత్తినాం, దుమ్ము దులిపినాం, స్క్రూలు బిగించినాం. తప్పులు కూడా చేసినాం. ఆ తప్పులతో సహా చెప్తేనే ఈ మాటకు విలువ అని రాస్తున్నాం.

ముందు పాత పెట్టె సంగతి. మన తాతల కాలంలో ఊరి భూమి లెక్కంతా కరణం ఇంట్లో ఉండేది. అడంగల్ ఆయన చేతిరాత. ఆ రాత మనోళ్లకు చదవను రాదు. చదువు రానీయకుండా చేసిందెవరో వేరే చెప్పాలా? ఎవరి చేను ఎవరి పేర ఉందో, ఎవరి పేరు ఏ రాత్రి మాయమైందో ఆ పెట్టెకు తెలుసు, కరణానికి తెలుసు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. 1998లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చినాయి. 2011లో మీసేవ, 2015లో మీభూమి, 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు వచ్చినాయి. ఇంక పెట్టె పీడ పోయిందనుకున్నాం. పోలేదు. ఊర్లో ఉండే పెట్టె ఊరు దాటి, జిల్లా దాటి ఎక్కడికో పోయి ఇంకా పెద్దదైంది. కరణం ఇల్లన్నా మనకు తెలుసు. ఈ పెట్టె ఉన్న ఇల్లు కూడా తెలియదు.

మేము కొంతమంది టీచర్లం, ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు, పొదుపు సంఘం అక్కలు కలిసి మూడేండ్ల కిందట ఒక పని పెట్టుకున్నాం. ఆదోని పక్క ఒక పల్లెలో, మన గేరిలో ఉన్న డీకేటీ పట్టాలు, పాసుపుస్తకాలు, శిస్తు రసీదులు, కోర్టు కాయితాలు అన్నీ ఫొటోలు తీసి ఒకచోట దాచాలని. ఎందుకంటే అవి రేకుపెట్టెల్లో, దూలాల సందుల్లో చెదలు పడుతున్నాయి. ఫోన్లో దాస్తే ఫోన్ పోయిననాడు అన్నీ పోతాయి. అదే మిషన్‌తో రాత్రిబడి పిల్లలకు పాఠాలు కూడా చూపించొచ్చు. అందుకని సర్వరే కావాలనుకున్నాం.

బెంగుళూరు ఎస్పీ రోడ్డులో పాత సామాన్ల అంగట్లో, ఎవరో వాడి తీసేసిన సర్వర్ కొన్నాం. ఏముంది దాంట్లో? అదీ కంప్యూటరే. ముందర తెర ఉండదు, కీబోర్డు ఉండదు. బల్లపరుపుగా ఉంటుంది. బిగించే వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును 'యు' లెక్కన కొలుస్తారు, ఒక యు అంటే ఒకటి ముప్పావు అంగుళం. మాది రెండు యు, మూడున్నర అంగుళాలు. లోతు మాత్రం రెండడుగుల పైనే. పెద్ద ఆఫీసుల్లో వీటిని ఇనప చట్రంలో ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. ఆ చట్రం పేరు ర్యాక్. మామూలుగా పెద్ద ర్యాకులో 42 యు పడతాయి. కొత్త ర్యాక్ కొనే స్తోమత మాకు లేదు. వెల్డింగ్ షాపులో యాంగిల్ ఇనుముతో ఆ కొలతకే చట్రం కొట్టించి, ఇద్దరం పట్టుకుని ఎత్తి బిగించినాం. స్విచ్ వేస్తే పిండిమర మాదిరి మోగింది. పిల్లలు పరిగెత్తి వచ్చినారు.

మిషన్ మోగినంత మాత్రాన పని అయిపోలేదు. ఇట్లాంటి మిషన్లకు ముప్పై ఐదు డిగ్రీల లోపు గాలి తగలాలని తయారుచేసినోళ్లే చెప్తారు. మన ఎండాకాలంలో బయట నలభై నాలుగు, నలభై ఐదు. ఏసీ యాడ తెచ్చేది? బండల మిద్దెలో నడిమి గదిలో పెట్టినాం, కిటికీకి తడి గోనెపట్ట కట్టకూడదని తెలుసుకున్నాం, ఎందుకంటే తేమ కూడా దానికి శత్రువే. పగలు ఆపేసి పొద్దుగూకినాక నడపాలని తీర్మానించినాం. కరెంటు పోతే ఒక్కసారిగా ఆరిపోకుండా యూపీఎస్ పెట్టినాం. ఒక డిస్కు చెడితే ఇంకోటి ఆదుకునేట్లు రెండు డిస్కుల్లో ఒకే రాత పడేట్లు చేసినాం. లోపల లినక్స్ ఎక్కించినాం. 1991లో ఫిన్లాండులో ఒక కాలేజీ పిల్లోడు మొదలుపెట్టింది అది, దుడ్లు కట్టే పని లేదు. ఎవరైనా పెట్టె ఎత్తుకుపోయినా చదవలేకుండా డిస్కుల్లోని రాతను గుప్తంగా మార్చినాం. మిషన్ ఆగి లేచినప్పుడల్లా ఒక రహస్య మాట అడుగుతుంది. అది చెప్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇంక దూరం నుంచి నడిపే సంగతి. ఇదే అసలు కిటుకు. ఇట్లాంటి సర్వర్ లోపల ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. పెద్ద మిషన్ నిద్రపోయినా, కరెంటు తీగ తగిలి ఉన్నంతసేపు ఈ చిన్నది మేలుకునే ఉంటుంది. దానికి వేరే నెట్ తీగ, వేరే పాస్‌వర్డ్. దాని గుండా పోతే కర్నూల్లో కూర్చుని పల్లెలోని మిషన్ స్విచ్ వేయొచ్చు, ఆపొచ్చు. మిషన్ లేస్తున్నప్పుడు తెర మీద ఏం పడుతుందో ఇక్కడి నుంచే చూడొచ్చు. అంటే ఏమి? ఆ చిన్న తలుపు ఎవరికి దొరికితే ఇల్లంతా వాళ్లదే. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా ఉంచితే, ఆ తలుపును నేరుగా ఇంటర్నెట్ మీదికి తెరిచి పెడితే, ఇంటికి తాళమేసి తాళంచెవి గడప మీద పెట్టినట్లే. మేము పాస్‌వర్డ్ మార్చి, అరచేతి పాటి చిన్న కంప్యూటర్ ఒకటి పక్కన పెట్టి, దాని గుండా మనోళ్లు మాత్రమే వచ్చే గుప్త దారి వేసినాం.

ఇవన్నీ చేసింది మన గేరి పిల్లోడే. డిప్లొమా చదివినోడు. వాళ్ల నాయన చెప్పులు కుట్టినాడు. రోజూ సాయంత్రం కర్నూలు నుంచి మిషన్ లేపి, రహస్య మాట కొట్టి, పొద్దున ఆపేవాడు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చి పోయినాక కూడా అక్కడి నుంచే చేసినాడు. మాకు గర్వంగా ఉండె. మీటింగుల్లో చెప్పుకుంటా తిరిగినాం.

పోయిన సంవత్సరం వానల కాలంలో ఆ పిల్లోనికి డెంగీ వచ్చి ఆస్పత్రిలో పడినాడు. పదకొండు దినాలు మిషన్ లేవలేదు. లేపినా తలుపు తెరుచుకోదు, మాట వానికొక్కనికే తెలుసు. ఆ వారంలోనే మన గేరిలో ఒక ముసలామెకు రెవెన్యూ ఆఫీసులో విచారణ ఉంది. రెండున్నర ఎకరాల డీకేటీ పట్టా ఆమె మొగునిది. ఆన్‌లైన్లో ఇంకెవరి పేరో చూపిస్తాంది. అసలు కాయితం సగం చెదలు తిన్నాయి. చెదలు తినకముందు తీసిన ఫొటో మా సర్వర్లో ఉంది. ఆమె వచ్చి మిద్దె అరుగు మీద కూర్చుంది. మేము ఏం చెప్పినామో తెలుసా? 'అవ్వా, సర్వర్ డౌన్.'

ఆమె మమ్మల్ని తిట్టలేదు. 'కరణమూ ఇంతే గదా సారూ. తాళంచెవి ఆయన మొలకే ఉండె' అని లేచిపోయింది.

ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటాంది. ఆ పిల్లోని తప్పు ఒక్క వెంట్రుక కూడా లేదు. తప్పు మాది. ఒక్కని మీద భారమంతా వేసి, వాని తెలివి చూసి చప్పట్లు కొట్టి, పక్కన కూర్చుని నేర్చుకోలేదు. కులం మనదే, మనసు మంచిదే. అయినా తాళంచెవి ఒక్క మొలకుంటే వచ్చే ఫలితం అదే. ఆమె అదృష్టం, విచారణ వాయిదా పడింది. పిల్లోడు కోలుకుని తలుపు తెరిచినాక ఆ ఫొటోలోని పట్టా నంబరు, తేదీ పట్టుకుని సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టించినాం. ఫొటో అసలు పట్టా కాదు. కానీ ఏ ఫైలు అడగాలో అది చెప్తుంది. ఆమె పోరాటం ఇంకా నడుస్తాంది.

తర్వాత పద్ధతి మార్చినాం. ఆ తాళానికి వేర్వేరు తాళంచెవులు పెట్టుకునే వీలుంది. ఇప్పుడు మూడు ఉన్నాయి. ఒకటి పొదుపు సంఘం అక్క దగ్గర, ఒకటి టీచర్ దగ్గర, ఒకటి ఆ పిల్లోని దగ్గర. ఎవరు లోపలికి పోయినా సొంత పేరుతోనే పోవాల. ఎవరు ఎప్పుడు వచ్చినారు, ఏం చేసినారు అని మిషన్ రాసుకునే పుస్తకం ఒకటుంది, దాన్ని లాగ్ అంటారు. సర్వాధికారం ఉన్నోడు, వీళ్ల భాషలో 'రూట్', ఆ లాగ్‌ను కూడా చెరిపేయగలడు. అందుకని దాని నకలు ఎప్పటికప్పుడు వేరే కంప్యూటర్‌కు పోయేట్లు చేసినాం. నెలకొకసారి అచ్చు తీసి సంఘం మీటింగులో చదువుతాం. రెండు డిస్కుల్లో రాసినంత మాత్రాన బ్యాకప్ అయినట్లు కాదు, ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లో కూడా చెరుగుతుంది. అందుకే ఇంకో డిస్కు మీద నకలు తీసి కడపలో మిత్రుని ఇంట్లో, ఏ తీగా తగలకుండా పెట్టినాం.

ఒక పల్లెలో ఒక పాత పెట్టెకే ఇంత జాగ్రత్త కావాల్సి వస్తే, కోట్ల మంది భూమి, బియ్యం, పింఛను ఉన్న పెట్టెలకు ఎంత కావాల? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి సర్వర్ల మీద దొంగలు పడినారు. ఐదు సర్వర్లు, 1.3 టెరాబైట్ల రాతకు వాళ్లు తాళమేసినారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. దేశంలోని పెద్ద ఆస్పత్రి రోజుల తరబడి చేతిరాతతో నడిచింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్ మంటల్లో చిక్కుకుంటే, నకలు లేని ఉద్యోగుల ఫైళ్లు బూడిదైనాయి. కాయితం ఏమన్నా భద్రమా అంటే, 2024 జూలై 21 రాత్రి మన మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్లు కాలిపోయినాయి. కాయితమా, కంప్యూటరా అని వాదులాడేది దండగ. నకలు ఎన్ని చోట్ల ఉంది, తాళంచెవి ఎంతమంది దగ్గర ఉంది, లోపలికి పోయినోని పేరు మనకు తెలుస్తుందా లేదా? ప్రశ్న ఇది.

కాబట్టి మనం అడగాల్సినవి అడుగుదాం.

ఒకటి. 'సర్వర్ డౌన్' అంటే ఏది డౌన్? సర్వరా, మధ్యలోని లైనా, లేకపోతే మన పేరే లేదా? ఈ మూడూ వేరు వేరు. తేదీ, టైము వేసి కాయితం మీద రాసియ్యమని అడగండి. ఇయ్యకపోతే మనమే దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకుందాం.

రెండు. ఒన్‌-బిలో, అడంగల్‌లో పేరు మారిందంటే ఎవరి లాగిన్‌తో, ఏ తేదీన, ఏ ఆర్డరు మీద మారింది? 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల. మార్చకముందే భూమి గలోనికి తెలిపి, గ్రామసభలో చదవాలని పట్టుబట్టుదాం.

మూడు. ఏటా ఊరి భూమి లెక్కంతా అచ్చు తీసి సచివాలయంలో అందరికీ కనపడేట్లు పెట్టాల. తీగ తెగినా ఆ పుస్తకం మాట్లాడుతుంది.

నాలుగోది మన ఇంటి పని. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. కర్నూల్లో 2015 నుంచి కేంద్రం ట్రిపుల్ ఐటీ ఉంది. మన పిల్లలు అక్కడ ఉన్నారు. 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ విశాఖలో ఐదేండ్లలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. అట్లాంటి చోట్ల గోడ కట్టేదానికి, బండలు మోసేదానికి, రాత్రి కాపలాకు మనోళ్లను పిలుస్తారు, సందేహం లేదు. ర్యాక్ ముందర నిలబడేది ఎవరు? రూట్ పాస్‌వర్డ్ ఎవరి చేతికిస్తారు? డేటా ఎంట్రీ దగ్గరే మన పిల్లల్ని ఆపితే, చెప్పింది రాసే గుమాస్తాలే అవుతారు. పెట్టె విప్పను, బిగించను, దూరం నుంచి నడపను, లాగ్ చదవను నేర్పుదాం. ఆడపిల్లలకు ముందు నేర్పుదాం. నేర్చినోళ్లు ఇంకో ఇద్దరికి నేర్పాలని షరతు పెడదాం.

మొన్న ఆ ముసలామె మనవరాలు, ఇంటర్ చదివే పిల్ల, మా కళ్ల ముందే మిషన్ లేపింది. తెర మీద ప్రశ్న పడింది, అక్క వచ్చి తన తాళంచెవి మాట కొట్టింది. తలుపు తెరుచుకుంది. పిల్ల వాళ్ల అవ్వ పట్టా తీసి చూపించింది. అవ్వకు చదువు రాదు. మొగుని వేలిముద్రను మాత్రం గుర్తుపట్టింది.

మీ గేరిలో, మీ పల్లెలో కాయితాలు ఏ పెట్టెలో ఉన్నాయి? తాళంచెవి ఎవరి మొలకుంది? ఈ పత్రిక చదివి వినిపించినాక అరుగు మీద కూర్చుని ఈ ఒక్కటీ మాట్లాడుకోండి.