సైన్యం నుంచి తిరిగివచ్చే ఆడబిడ్డకు ఏది భరోసా?

మాజీ సైనికుడు అనగానే మన కళ్ల ముందు మెదిలేది పురుషుడే. సైనిక సంక్షేమం గురించి మాట్లాడేటప్పుడు స్త్రీ అందులో సైనికుడి భార్యగానో, వితంతువుగానో కనిపిస్తుంది. తానే సైనికురాలిగా పనిచేసి తిరిగివచ్చిన స్త్రీకి ఆ చర్చలో చోటు తక్కువ. ఆమె దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల బిడ్డ అయితే ఆ ప్రస్తావనే రాదు. ఈ మౌనం ఇక చెల్లదు. అగ్నిపథ్ కింద 2022 నవంబరులో ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణకు చేరిన నావికాదళ తొలి బృందంలో 273 మంది యువతులున్నారు. 2026 చివరికి వారి నాలుగేళ్ల గడువు ముగుస్తుంది. ఆ తర్వాత కొలువులో కొనసాగే అవకాశం గరిష్ఠంగా నాలుగో వంతు మందికే.

సైనిక పెన్షన్‌కూ కులానికీ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. బొంబాయి సైన్యంలో పనిచేసిన మహర్లకు పెన్షన్ అంటే ఊరి వెట్టికి తలవంచకుండా బతికే వెసులుబాటు. సైనిక కుటుంబాల పిల్లలకు చదువు అందింది. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారుగా పనిచేసినవాడే. విశ్రాంత సైనికుడు గోపాల్ బాబా వలంగ్కర్ 1888లో ‘విటాళ్ విధ్వంసక్’ రాసి అంటరానితనాన్ని నిలదీశాడు. 1890లలో ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం పేరిట మహర్ల భర్తీ నిలిచిపోయినప్పుడు, ఊరి కట్టుబాట్ల నుంచి బయటపడే ఒక ముఖ్యమైన దారి మూసుకుపోయింది. ఆ దారి తిరిగి తెరవాలని వారు దశాబ్దాల పాటు విజ్ఞాపనలు పంపారు.

స్వతంత్ర భారతంలో స్త్రీల అనుభవం దీనికి భిన్నంగా లేదు. వైద్య, నర్సింగ్ విభాగాలు దాటి ఇతర శాఖలలో మహిళా అధికారుల ప్రవేశం 1992లో మొదలైంది. వారికి దక్కినది స్వల్పకాలిక కమిషన్. గడువు పెరుగుతూ పద్నాలుగేళ్లకు చేరింది కానీ, అధికారులకు పెన్షన్ రావాలంటే ఇరవయ్యేళ్లు పనిచేయాలి. యౌవనమంతా సైన్యానికిచ్చి, నడివయసులో పెన్షన్ లేకుండా ఇంటికి రావడం ఆ ఏర్పాటు ఫలితం. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు శాశ్వత కమిషన్‌కు దారి తెరిచింది. 2022 నవంబరులో, అప్పటికే వైదొలగిన 32 మంది వైమానికదళ మహిళా అధికారులకు పెన్షన్ ఇవ్వాలని ఆదేశించింది. పెళ్లి చేసుకున్నందుకు 1988లో సైనిక నర్సింగ్ సర్వీసు నుంచి తొలగించిన ఒక అధికారిణికి 60 లక్షల రూపాయల పరిహారం దక్కడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది. ఏళ్ల తరబడి న్యాయస్థానాల మెట్లెక్కే స్తోమత అందరికీ ఉండదు.

అగ్నివీర్‌కు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనిక హోదా కూడా లేదు. చేతికి వచ్చేది సుమారు 11.71 లక్షల సేవానిధి. అందులో సగం ఆమె జీతంలోంచి కోత పెట్టిన సొమ్మే. నాలుగేళ్లూ ఆమె అవివాహితగా ఉండాలి. అంటే ఇరవైలు దాటీ దాటని వయసులో, పెళ్లి ఒత్తిడి మొదలయ్యే వేళకు, చేతిలో ఏకమొత్తంతో ఇంటికి చేరుతుంది. మన సమాజంలో ఆ డబ్బు చదువుగా మారుతుందా, కట్నంగా మారుతుందా? నెలనెలా ఆమె పేరిట వచ్చే పెన్షన్‌ను కట్నంగా మార్చడం అంత సులువు కాదు. భూమీ, వ్యాపారమూ ఉన్న కుటుంబానికి ఆ మొత్తం అదనపు ఆసరా. కూలి మీద బతికే కుటుంబానికి అదే సర్వస్వం, అప్పులవాళ్ల తొలి లక్ష్యం కూడా.

సైన్యంలో కులం లేదు కదా అని కొందరు వాదిస్తారు. సైనిక నియామకాల్లో కుల రిజర్వేషన్ లేని మాట నిజం. కానీ ఆమె తిరిగి వెళ్లే చిరునామాలో కులం ఉంది. పొరుగువాడి చూపులో, అద్దె ఇంటి యజమాని ప్రశ్నలో, ప్రైవేటు కొలువు ఇంటర్వ్యూలో ఉంది.

పరిష్కారానికి కావలసిన చట్రం మన దగ్గరే ఉంది. 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పు కుల రిజర్వేషన్లను నిలువుగా, స్త్రీల వంటి వర్గాల రిజర్వేషన్లను అడ్డంగా విభజించింది. మాజీ సైనికుల కోటా ఈ రెండో కోవలోనిదే. తెలుగు రాష్ట్రాల నియామకాల్లో వారికి ఉన్న 2 శాతంలో, నాలుగేళ్ల సేవ పూర్తిచేసిన యువతులకు నిర్దిష్ట భాగం కేటాయించాలి. అది అడ్డంగా అమలైతే ఎస్సీ, ఎస్టీ, బీసీల వాటా తగ్గదు. ఆయా వర్గాల ఆడబిడ్డలకే ఆ వాటాలో చోటు దొరుకుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు స్త్రీలను వారి సొంత సేవ ఆధారంగా నమోదు చేసి, కులాలవారీ లెక్కలు ప్రకటించాలి. విశ్వవిద్యాలయాలు వారికి ఫీజు మినహాయింపుతో పాటు హాస్టల్ వసతి కల్పించాలి.

నాడు పెన్షన్ ఒక తరం దళితులకు ఊరి పెత్తనానికి ఎదురుగా నిలబడే శక్తినిచ్చింది. నాలుగేళ్లు దేశానికి కాపలా కాసిన ఆడబిడ్డకు అంతకు తక్కువ ఇచ్చి పంపడం ఏ గణతంత్రానికీ గౌరవం కాదు. తొలి బృందం గడువు తీరేలోగా ప్రభుత్వాలు ఈ ఏర్పాట్లు చేసి తీరాలి.