పట్టీకి అందని పోటు

రక్తపోటు అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది చేతికి చుట్టే పట్టీ. గుండె ఎడమభాగం ఒళ్ళంతటికీ నెట్టే రక్తం ఎంత ఒత్తిడితో పోతున్నదో మాత్రమే అది చెప్పగలదు. గుండె కుడిభాగం ఊపిరితిత్తులకు పంపే రక్తానికి వేరొక పోటు ఉన్నది. చేతి ధమనిలో సగటు ఒత్తిడి 90 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే, ఆరోగ్యవంతుని ఊపిరితిత్తుల ధమనిలో అది సుమారు 14 మాత్రమే. అక్కడి సన్నని నాళాలు గోడలు మందమై ఇరుకైపోతే ఈ పోటు పెరుగుతుంది. పలుచని గోడలు గల కుడి జఠరిక ఆ బరువు మోయలేక క్రమంగా ఉబ్బి, చివరకు చతికిలబడుతుంది. వైద్యులు దీనిని పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అంటారు. పట్టీ చూపే అంకె మాత్రం అంతవరకూ చక్కగానే ఉండవచ్చు.

ఈ జబ్బు అరుదైనది. దాని లక్షణమేమో అతి సామాన్యమైనది: ఆయాసం. చిక్కంతా ఇక్కడే వస్తున్నది. ముప్ఫై ఏళ్ళ స్త్రీ మేడమెట్లు ఎక్కితే రొప్పు వస్తున్నదని చెబితే, మొదట తోచేది రక్తహీనత. మన స్త్రీలలో అది ఎంతో మందికి ఉన్నదే కాబట్టి పరీక్ష కూడా ఆ మాటనే బలపరుస్తుంది. ఇనుము మాత్రలతో కొన్ని నెలలు గడుస్తాయి. తరువాత ఉబ్బసమని పీల్చే మందు. అదీ పనిచేయకపోతే మనసులోని బెంగ అంటారు. బరువెత్తినప్పుడు కళ్ళు తిరిగి పడిపోతే మూర్ఛరోగమని అనుమానిస్తారు. ఇందులో వైద్యుని నిర్లక్ష్యం కన్నా జబ్బు స్వభావమే ఎక్కువ. గదిలో కుర్చీమీద కూర్చున్న రోగికి ఏ బాధా ఉండదు. బాధ మెట్లమీద ఉన్నది. పైగా రోగి తెలియకుండానే సర్దుకుపోతుంది. సగం మెట్లెక్కి ఆగుతుంది, నీళ్ళబిందె మరొకరికి అప్పగిస్తుంది, ఎత్తుమీద ఉన్న గుడికి వెళ్ళడం మానేస్తుంది. జబ్బు పెరుగుతున్నకొద్దీ ఫిర్యాదు తగ్గుతుంది! కాళ్ళవాపు కనిపించేసరికి కుడి జఠరిక చాలావరకు అలసిపోయి ఉంటుంది.

అమెరికాలో 1981-85 మధ్య, కారణం తెలియని ఈ పోటుతో బాధపడే 187 మంది వివరాలు సేకరించారు. మొదటి లక్షణానికీ రోగనిర్ణయానికీ మధ్య సగటున రెండేళ్ళు గడిచినట్లు తేలింది. నిర్ణయమైన తరువాత సగం మంది మూడేళ్ళయినా బతకలేదు. అప్పట్లో త్వరగా తెలిసినా చేయగలిగింది స్వల్పం. 1995లో నిరంతరం సిరలోకి ఎక్కించే ఎపోప్రోస్టెనాల్, 2001లో బోసెంటాన్ మాత్ర, 2005లో సిల్డెనాఫిల్ ఆమోదం పొందాయి. వేరొక అవసరానికి పేరుమోసిన ఈ చివరి మందును మన దేశంలోనే పలు కంపెనీలు తయారుచేస్తున్నాయి. జబ్బును ఇవి తుడిచివేయవు. దాని వేగాన్ని తగ్గిస్తాయి, అదీ త్వరగా మొదలుపెడితే ఎక్కువగా. అయినా 2006లో అమెరికాలోనే ఆరంభమైన మరొక నమోదులో, దాదాపు అయిదుగురిలో ఒకరు రెండేళ్ళకు పైగా లక్షణాలతో తిరిగిన తరువాతనే జబ్బు పేరు విన్నారు. 36 ఏళ్ళలోపు వారిలోనూ, అంతకుముందే శ్వాసనాళాల వ్యాధి ఉన్నవారిలోనూ ఈ ఆలస్యం అధికం. మందులు మారినంతగా అనుమానం మారలేదు.

మన ప్రాంతాల్లో మరొక ఆలస్యం ఉన్నది. దానిని దశాబ్దాలలో లెక్కించాలి. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు సకాలంలో దానిని మూయిస్తే ఊపిరితిత్తులు దక్కుతాయి. పెద్ద రంధ్రాన్ని వదిలివేస్తే ఏళ్ళ తరబడి ఎక్కువ రక్తం పారి నాళాలు గట్టిపడి, చివరకు ప్రవాహం ఎదురు తిరుగుతుంది. పెదవులు నీలిరంగుకు వస్తాయి. ఐసెన్‌మెంగర్ 1897లో వర్ణించిన ఈ దశలో రంధ్రాన్ని మూయడమే ప్రమాదం. కొందరికి ఈ సంగతి మొదటిసారి తెలిసేది గర్భం ధరించినప్పుడు. అప్పటికి తల్లి ప్రాణమే సందేహంలో పడుతుంది.

అనుమానం కలగాలే గాని దారి కష్టమైనది కాదు. స్టెతస్కోపులో గుండె రెండవ శబ్దం గట్టిగా వినిపించవచ్చు, ఇ.సి.జి., ఎక్స్-రే కొంత సూచిస్తాయి. ఎకో పరీక్ష పోటును అంచనా కడుతుంది. కచ్చితంగా తేల్చేది మాత్రం సిర గుండా గుండె కుడిభాగానికి పంపే సన్నని గొట్టమే. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు తన చేతిసిరలోనే దానిని దూర్చుకొని ఎక్స్-రే గదికి నడిచిపోయాడు. 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ గొట్టం చూపే సగటు 25 చేరితే జబ్బుగా పరిగణించాలని 1973లో జెనీవాలో అనుకున్నారు. 2018లో ఆ గీతను 20కి దించారు.

ఆలస్యాన్ని నిజంగా తగ్గించగలిగిన చోటు ఒకటున్నది. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వ్యాధిగ్రస్తులకు ఈ పోటు వచ్చే అవకాశం హెచ్చు కనుక, ఆయాసం కోసం ఎదురుచూడకుండా ఏటేటా వారికి ఎకో తీయాలని నిపుణులు సూచిస్తున్నారు. ఫ్రాన్సులో ఇలా ముందుగా బయటపడినవారు, ఆయాసం ముదిరాక వచ్చినవారి కన్నా ఎక్కువ కాలం జీవించారు.