కౌంటీ కోర్టు విడాకులు మన ఊళ్లో చెల్లుతాయా?

కాగితం వస్తే ఏం చేయాలి, రెండో సంబంధమైతే ఏం చూడాలి

తెనాలి: కొడుకులు, అల్లుళ్లు అమెరికాలో ఉన్న ఇళ్లు గుంటూరు జిల్లా పల్లెల్లో కొత్త కాదు. వారు పంపే డబ్బుతో మేడలు లేచాయి, పొలాలు చేతులు మారాయి. దానితోపాటు మరో సంగతి కూడా పల్లెలకు చేరుతున్నది. అదే అమెరికా కౌంటీ కోర్టు నుంచి వచ్చే విడాకుల కాగితం. ఆ కాగితం పుట్టింట ఉన్న ఆడపిల్ల చేతికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ రెండు రకాలుగా ఆలోచిస్తారు. 'తెల్లవాళ్ల కోర్టు చెప్పాక ఇంకేముంది, పెళ్లి తెగిపోయినట్లే' అని కొందరు గుండె జారవిడుస్తారు. 'అక్కడి కాగితం ఇక్కడ చిత్తుతో సమానం' అని మరికొందరు దాన్ని బీరువాలో పడేస్తారు. ఈ రెండూ పొరపాటే.

ఇందుకు ఎదురుగా మరో పరిస్థితి కూడా ఉంది. 'అబ్బాయికి ఇదివరకు పెళ్లయింది గానీ కౌంటీలో విడాకులు అయిపోయాయి' అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పిన మాట మీద పిల్లనిచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ విడాకులు నిజంగా అయ్యాయా, అయితే మన చట్టం వాటిని ఒప్పుకుంటుందా అనేది లగ్నపత్రిక రాయకముందే తేల్చుకోవలసిన విషయం.

కౌంటీ అంటే ఏమిటి?

అమెరికాలో రాష్ట్రాల కింద ఉండే పాలనా విభాగాన్ని కౌంటీ అంటారు. మన జిల్లా వంటిదని అనుకోవచ్చు. దేశం మొత్తం మీద ఇవి మూడు వేలకు పైగా ఉన్నాయి. ఒక్క టెక్సస్ రాష్ట్రంలోనే 254 ఉన్నాయి. విడాకుల చట్టం అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. దేశమంతటికీ కలిపి విడాకుల రిజిస్టరు అంటూ ఒకటి లేదు. కేసు ఏ కౌంటీలో వేస్తే ఆ కౌంటీ కోర్టు క్లర్కు దగ్గరే ఫైలు ఉంటుంది. టెక్సస్‌లో ఆ అధికారిని డిస్ట్రిక్ట్ క్లర్క్ అంటారు. కాలిఫోర్నియాలో అయితే కౌంటీ సుపీరియర్ కోర్టులో ఉంటుంది. మిస్సోరీ, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో సర్క్యూట్ క్లర్కు దగ్గర ఉంటుంది.

కొంతకాలం ఆ రాష్ట్రంలో కాపురముంటేనే అక్కడ కేసు వేయనిస్తారు. టెక్సస్‌లో రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి. కాలిఫోర్నియాలో రాష్ట్రంలో 6 నెలలు, కౌంటీలో 3 నెలలు. మిస్సోరీలో 90 రోజులు చాలు. అంటే ఉద్యోగం కోసం ఊరు మారిన మనిషి మూడు నెలలకే కొత్త చోట విడాకులకు దరఖాస్తు పెట్టుకోవచ్చన్న మాట. తిరుపతిలో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక వ్యాజ్యానికి మూలం ఇదే.

తిరుపతి పెళ్లి, మిస్సోరీ విడాకులు

1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో ఒక జంటకు హిందూ ఆచారం ప్రకారం పెళ్లయింది. 1978 జులైలో వారు విడిపోయారు. భర్త తిరుపతి సబ్ కోర్టులో వేసిన విడాకుల పిటిషన్ ఒకటి ఉండగానే, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయీ కౌంటీ సర్క్యూట్ కోర్టులో మరొకటి వేశాడు. ఆ జంట చివరిసారి కలిసి కాపురమున్నది న్యూ ఆర్లియన్స్‌లోనే తప్ప మిస్సోరీలో కాదు. భార్య ఇక్కడి నుంచే తన అభ్యంతరాలు రాసి పంపింది. అయినా 1980 ఫిబ్రవరి 19న ఆమె పరోక్షంలో డిక్రీ ఇచ్చేశారు. 1981 నవంబరు 2న యాదగిరిగుట్టలో అతను మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కింద క్రిమినల్ ఫిర్యాదు చేసింది.

ఆ కేసులో 1991 జులై 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే ఈనాటికీ ఆధారం. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇచ్చిన విడాకులే ఇక్కడ చెల్లుతాయని కోర్టు చెప్పింది. దీనికి మూడు మినహాయింపులు ఇచ్చింది. ఒకటి, ఎవరి మీద కేసు వేశారో వారు స్థిరంగా ఉండే చోటే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణం మీద డిక్రీ పొందడం. రెండు, ఎదుటివారు తమంతట తాము ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలోని కారణం మీద వాదించడం. మూడు, ఎదుటివారు విడాకులకు ఒప్పుకోవడం.

మిస్సోరీ డిక్రీ వీటిలో దేని కిందికీ రాలేదు. 'కాపురం ఇక అతకదు' అన్న కారణం మీద అక్కడ విడాకులిచ్చారు. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ కారణం మీద విడాకులిచ్చే అధికారం తన ప్రత్యేక అధికారాల కింద సుప్రీంకోర్టుకు ఉన్నదని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది గానీ, కింది కోర్టులకు ఆ అధికారం లేదు. భార్య రాసి పంపిన అభ్యంతరాలను ఆ కోర్టుకు లోబడినట్లుగా సుప్రీంకోర్టు లెక్కించలేదు. భర్త అప్పీలు కొట్టేసి, క్రిమినల్ కేసు త్వరగా విచారించమని మేజిస్ట్రేటును ఆదేశించింది.

రికార్డు సంగతి

ఇదే కేసులో కాగితం గురించి కూడా ఒక ముఖ్యమైన మాట ఉన్నది. భర్త దాఖలు చేసిన డిక్రీ ఫోటోస్టాట్ నకలు మీద సెయింట్ లూయీ కోర్టు క్లర్కు ధ్రువీకరణ ఉంది. కానీ అమెరికాలోని మన ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు. అది లేనందువల్ల ఆ నకలు సాక్ష్యంగా పనికిరాదని కోర్టు తేల్చింది. సాక్ష్య చట్టం స్థానే 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారినా, పై ధ్రువీకరణ లేని ఉత్త జిరాక్సును కోర్టులో నమ్ముకోవడం తగదు. ఫోనులో వచ్చిన ఫోటో సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి రెండో సంబంధం మాట్లాడేవారు అడగవలసింది 'విడాకులయ్యాయా?' అని కాదు. 'ఏ రాష్ట్రం, ఏ కౌంటీ, కేసు నెంబరు ఎంత, డిక్రీ తేదీ ఎప్పుడు?' అని అడగాలి. ఈ నాలుగూ చెప్పలేనివారి విషయంలో తొందరపడరాదు. చాలా కౌంటీల క్లర్కు కార్యాలయాలు పేరు మీద కేసు వెతికే సదుపాయాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాయి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాల ప్రకారమే పేరు వెతకాలి. మన ఇంటిపేర్లు అక్కడ వెనకా ముందూ అవుతాయి గనుక రెండు విధాలా చూడాలి. కేసు కనబడితే, నిర్ణీత రుసుము కట్టి క్లర్కు సీలు వేసిన డిక్రీ నకలు తెప్పించుకోవచ్చు.

అన్ని రాష్ట్రాల్లోనూ ఫైలు అందరికీ చూపరు. న్యూయార్కులో విడాకుల ఫైలును కక్షిదారులకు, వారి వకీళ్లకు మాత్రమే ఇస్తారు. అటువంటప్పుడు అబ్బాయినే నకలు తెప్పించి ఇమ్మని అడగాలి. నిజంగా విడాకులైనవాడికి అదేమీ కష్టం కాదు. టెక్సస్ రాష్ట్ర ఆరోగ్య శాఖ 1968 నుంచి జరిగిన విడాకులకు ధ్రువీకరణ లేఖ ఇస్తుంది. అయితే అది డిక్రీ కాదు. డిక్రీ కౌంటీలోనే తీసుకోవాలి.

నకలు చేతికి వచ్చాక మూడు సంగతులు చూడాలి. మొదటిది, అది దరఖాస్తా లేక తుది డిక్రీయా? కేసు వేసిన కాగితాన్నే విడాకుల కాగితంగా చూపవచ్చు. రెండోది, తేదీ. కాలిఫోర్నియాలో సమన్లు అందినప్పటి నుంచి 6 నెలలు గడవనిదే పెళ్లి రద్దు కాదు. తీర్పులో ఆ రద్దయ్యే తేదీ వేరుగా రాస్తారు. టెక్సస్‌లో డిక్రీ అయిన 30 రోజుల దాకా మూడో మనిషిని పెళ్లాడరాదు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యం: మొదటి భార్య ఒప్పుకున్నదా, లేక ఆమె హాజరుకాకుండానే డిక్రీ అయిందా? ఒప్పుకుని సంతకం చేసి ఉంటే మన కోర్టులూ ఆ డిక్రీని మన్నిస్తాయి. ఆమె పరోక్షంలో ఇచ్చినదైతే, ఆ డిక్రీని నమ్ముకుని చేసే రెండో పెళ్లి చెల్లకుండా పోవచ్చు. అప్పుడు నష్టపోయేది ఇద్దరు ఆడపిల్లలు.

సమన్లు వస్తే

హేగ్ ఒప్పందం ప్రకారం విదేశీ కోర్టు సమన్లు మన దేశంలో కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా అందజేయాలి. నేరుగా పోస్టులో పంపే పద్ధతికి భారతదేశం అభ్యంతరం తెలిపి ఉన్నది. అంతమాత్రాన పోస్టులో వచ్చిన కవరును పారవేయరాదు. అక్కడి గడువు అక్కడ నడుస్తూనే ఉంటుంది. కాలిఫోర్నియాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. టెక్సస్‌లో 20 రోజులు దాటాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటల లోపల ఇవ్వాలి. కవరు, తేదీ ముద్ర సహా భద్రపరచి వెంటనే వకీలును కలవాలి.

జవాబు రాయడంలోనే మెలకువ ఉన్నది. ఆ కోర్టుకు అధికారం లేదని అభ్యంతరం చెప్పడం వేరు, ఆ కోర్టుకు లోబడి వాదించడం వేరు. తొందరలో 'సరే' అని ఒక సంతకం పెట్టినా, మెయిలు పంపినా అది ఒప్పుకోలు కిందికి రావచ్చు. పెద్దమనుషులు నచ్చజెప్పారని అర్థంకాని ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు చేయడం ఎంతమాత్రం మంచిది కాదు.

ఇక్కడ కేసు ఎక్కడ వేయాలి?

భర్త అమెరికాలో ఉంటే తాను అక్కడికి పోయి పోరాడాలేమోనని చాలామంది ఆడపిల్లలు అనుకుంటారు. అవసరం లేదు. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట గానీ, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట గానీ కేసు వేయవచ్చు. భార్య వేసేటట్లయితే తాను ఇప్పుడు ఉంటున్న చోటనే వేయవచ్చని 2003లో చట్టాన్ని సవరించారు. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అందులోనూ, లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనూ పిటిషన్ వేయాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, శుభలేఖ, పెళ్లి ఫోటోలు, నివాస రుజువు దగ్గర ఉంచుకోవాలి. కౌంటీ డిక్రీ తనను కట్టివేయదని ప్రకటించమని కూడా ఇక్కడి కోర్టును కోరవచ్చు.

విడాకులే కోరనవసరం లేదు. భరణం కావాలంటే ఇదివరకు 125 సెక్షన్ కింద వేసే కేసు, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వేయాలి. కౌంటీ కోర్టు భరణం ఇమ్మని చెప్పినా, ఆ డిక్రీని నేరుగా ఇక్కడ అమలు జరపడానికి వీలులేదు. అమెరికా మన ప్రభుత్వం అందుకు గుర్తించిన దేశాల్లో లేదు. ఆ డిక్రీ ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేయాలి.

ఇద్దరూ ఇష్టపడి విడిపోవాలనుకుంటే అన్నిటికన్నా చిక్కులేని దారి ఇక్కడే ఉన్నది. ఏడాదిగా విడిగా ఉన్న దంపతులు 13-బి సెక్షన్ కింద ఉమ్మడి పిటిషన్ వేయవచ్చు. తగిన సందర్భాల్లో ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చనీ, విదేశంలో ఉన్నవారిని వీడియో ద్వారా విచారించవచ్చనీ 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకుల డిక్రీ నకలు ఒకటి ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని అదే చట్టం 23వ సెక్షన్‌లో ఉన్నది. ఆ నకలు పోతే కేసు నెంబరు వేసి నకళ్ల విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి. నెంబరు లేక తిరిగేవారికే ఇబ్బంది ఎక్కువ. కనుక ఆ ఒక్క నెంబరును పాసు పుస్తకంతోపాటు జాగ్రత్త చేయాలి. ఊళ్లో పెద్దల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులు, కులాచారం ఉన్నదని కోర్టులో రుజువైతే తప్ప, నిలబడవు.

ఖర్చుకు జంకి ఊరుకోవలసిన పనిలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మండల న్యాయ సేవాధికార కమిటీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నెంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. ప్రవాస భర్తల కేసుల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక విభాగం పనిచేస్తున్నది.

ఈ సదుపాయాలన్నీ ఉన్నా, అవి ఉన్నాయన్న సంగతి పల్లెల్లో తెలిసినవారు కొద్దిమందే. అమెరికా సంబంధాలు ఎక్కువగా ఉన్న మండలాల్లోనైనా న్యాయ విజ్ఞాన సదస్సుల్లో ఈ విషయాన్ని చేర్చి, కౌంటీ కాగితం వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక పేజీ తెలుగు కరపత్రం గ్రామ సచివాలయాల్లో ఉంచవలసిన అవసరం ఉన్నది. కట్నం, లాంఛనాల దగ్గర రోజుల తరబడి బేరాలాడే పెద్దలు, డిక్రీ నకలు కోసం పది రోజులు ఆగడానికి మొహమాటపడరాదు.